విశ్వసనీయ వర్గాల భోగట్టా

హుజూర్‌నగర్ దాటి కొంత దూరం పోయాక బస్సు ఆగే ఒక ఊరు. పందొమ్మిది వందల అరవై ఆరు, కార్తీకమాసం చివరి రోజులు. మధ్యాహ్నపు బస్సుకు పత్రికలు దిగాయి. పత్రిక ఏజెంటూ, ఆ ఊరి విలేఖరీ అయిన బాలస్వామి ఇంట్లో అతను, భార్య అమృతమ్మ.

"తలుపు దగ్గరికెయ్యి అంటున్న."

"పట్టపగలు తలుపెందుకెయ్యాలె? నేనేమన్న దొంగతనం చేసిన్నా?"

"చేసినోడే వస్తాండు. అందుకే ఎయ్యమంటున్న."

"వస్తె రానియ్యి. పేపరమ్మెటోని ఇంటికి ఎవరన్న రావచ్చు."

"ఆయన పేపరు కొనుక్కపోను వస్తలేడయ్యా. చాయ్ హోటల్ల ఎవరో సదివి వినిపిచ్చిన్రట. వినంగనే చేతిల గిలాస అట్లనే పెట్టి లేచిండట జంగయ్యన్న."

"నేను జంగయ్య అని రాసిన్నా? ఇగో, చూడు. ఏడున్నది ఆయన పేరు? ‘ఒకానొక గ్రామ సర్పంచ్’ అని ఉన్నది."

"బడిపిల్లల పాలపొడి ఇంట్ల పెట్టుకున్న సర్పంచులు ఈ చుట్టుపక్కల ఎంతమంది ఉన్నరయ్యా?"

"ఊ."

"ఊ అంటవేంది? జర సదువు. ఏం రాసినవో నేను గూడ ఇంట."

"ఇను. ‘పాఠశాలలో తగిన గది లేదన్న సాకుతో సర్పంచ్ తన ఇంట ఉంచుకున్న పాలపొడి పిల్లలకు చేరక, కోవాగా మారి వారపు అంగళ్లలో అమ్ముడుపోతున్నట్లు విశ్వసనీయ వర్గాల భోగట్టా. దీనిని కళ్లారా చూచినవారు తమ పేరు వెల్లడించుటకు నిరాకరించిరి.’ గంతే."

"విశ్వసనీయ వర్గాలంటె?"

"నమ్మదగినోళ్లు."

"శానమంది చెప్పిన్రా?"

"ఒక్కరే."

"ఒక్కరు వర్గాలెట్ల అయిన్రు?"

"నేను ‘ఒకరు చెప్పిన్రు’ అనే రాసి కవరు బస్సు డ్రైవర్ చేతికిచ్చిన. పట్నంల ఆఫీసోళ్లు గట్ల మార్చిన్రు. అది పేపర్ భాష."

"అంటె ఈడ బస్సెక్కిన ఒక్క మనిషి పట్నంల దిగేసరికి గుంపయితడన్నట్టు."

"నీకు నవ్వులాటగున్నది."

"నవ్వుతలేను. ఆ ఒక్కరు కండ్లతోని చూసిన్రా?"

"చూసిన్రు. అడిగినంకనే రాసిన. ‘నీ కండ్లతోని చూసినవా’ అని ఒకటికి రెండుమాట్ల అడిగిన."

"అడిగితె?"

"తలూపింది... తలూపిన్రు."

"ఊపింది అంటివి."

"ఊపిన్రు అన్న."

"నోటితోని చూసిన అన్నరా, తలే ఊపిన్రా?"

"తలూపుడు సాలదా? ఆ మనిషి మొఖం చూస్తె తెల్వదా? అబద్ధమాడే మనిషి కాదు."

"ఆడమనిషా?"

"అమృతా, ఇగ అడుగకు. స్వామి ముందర మాటిచ్చిన. ఆ పేరు నా నోట్లకెళ్లి రాదు. నీకు గూడ చెప్ప."

"చెప్పకు. నేనెక్కడ అడిగిన? పేపరుకు రాసుడు మొదలుపెట్టిన కాన్నుంచి నేను చెప్పిన ముచ్చట ఒక్కటన్న రాసినవా అని మాత్రం అడుగుత."

"ఇంట్లోళ్ల మాటలు వార్తలైతయా? బాయికాడి ముచ్చట్లు పంపితె పట్నంల నవ్వుతరు."

"బాయికాడ అబద్ధాలే చెప్పుకుంటరా?"

"అబద్ధాలని గాదు. రుజువుండది."

"నీ వర్గాలకేం రుజువున్నది?"

"ఊ."

"మళ్ల ఊ. సరె, గది ఇడిసిపెట్టు. ఉప్పలమ్మ సంగతి ఎరికేనా?"

"ఊ... ఏ ఉప్పలమ్మ?"

"బడిల పాలు కాగబెట్టే ఉప్పలమ్మ. ఇంకెంతమంది ఉన్నరు ఉప్పలమ్మలు? జంగయ్యన్న హోటల్ల లేచి సక్కగ బడికే పోయిండట. ‘పాలు కాగబెట్టేది నువ్వే, పేపరోనికి మోసింది నువ్వే’ అని పిల్లల ముందర్నే నిలబెట్టి తిట్టిండట. రేపటి సంది బడి మొఖాన కనపడొద్దన్నడట. గుడిసె ఏసుకున్న జాగ ఆయనదేనాయె, ఖాలీ చెయ్యమన్నడట."

"ఉప్పలమ్మకేం ఎరిక? ఆమెకిచ్చిన పొడి ఆమె నీళ్లల్ల కలుపుతది. గంతే."

"ఆమెకు ఎరిక లేదని నీకు ఎరిక. ఆయనకేం ఎరిక? నువ్వు పేరు రాయకపోతివి. రాయని పేరు ఎవరిదన్న కావచ్చు గద."

"పేరు రాయకుండెదే ఆ మనిషిని కాపాడనీకి."

"ఆ మనిషి బాగనే ఉన్నదో లేదో. ఉప్పలమ్మ అయితె బడి అరుగు మీద కూసోని ఏడుస్తాంది. మన పోరడే వచ్చి చెప్పిండు. ఆ పాలు గిలాసల పోస్తె అడుగు కనపడుతది, గంత పల్చగుంటయ్. ఆ పాలకు గూడ ఆమెకే మాట వచ్చె, ఈ వార్తకు గూడ ఆమెకే మాట వచ్చె."

"నేనేం చెయ్యాలె చెప్పు."

"నేనేం చెప్త? పేపరోనివి నువ్వు."

"ఉప్పలమ్మ కాదని పొయ్యి చెప్పిరానా?"

"పోవుడెందుకు? ఆయనే వస్తాండు. ఆ చెప్పుల సప్పుడు ఆయనదే. జెప్పన కండువ కప్పుకో, బనీన్ మీదున్నవ్."

"బావా! ఓ బాలసామి బావా! ఇంట్లున్నవా? లేకుంటె నిన్ను గూడ ‘ఎవరో ఒకరు’ అని పిలువాల్నా?"

"రాండ్రి సర్పంచ్ సాబ్, రాండ్రి. కూసోండ్రి."

"నిన్నటి దాన్క జంగయ్య బావనుంటి, ఇయ్యాల సర్పంచ్ సాబ్‌ను అయితి. పేపర్ల పడ్డ మనిషికి ఇజ్జత్ పెరుగుతదన్నట్టు. చెల్లె, మంచినీళ్లియ్యమ్మా. గొంతెండుకపోయింది."

"ఇస్తనన్నా. చాయ్ గూడ పెడ్తనాగు."

"చాయ్ ఒద్దు. హోటల్ల తాగుతుంటె నడుమ నీ మొగని వార్త అడ్డమొచ్చింది. ఇగ ఇయ్యాల చాయ్ పొయ్యేటట్టు లేదు."

"బావా, నేను నీ పేరు రాయలే."

"ఎందుకు రాయలే? అది అడుగుదామనే వచ్చిన. నా పేరు రాయవు, చెప్పినోని పేరు రాయవు. మరి రాసిందేంది బావా? ఇద్దరు లేని మనుషుల నడుమ పాలపొడి రాసినవా?"

"అది అబద్ధమైతె భయమెందుకు? రేపు సమితి ఆఫీసర్ వస్తాండట గద. బస్తాలు చూపెట్టు."

"ఎరికేనా నీకు? హుజూర్‌నగర్ల పేపరు మనకంటె ముందు దిగుతది గద, ఆయన సదువుకోని బస్సు కండక్టర్‌తోని కబురు పంపిండు. రాని. బస్తాలు చూపెడ్త. బస్తాలకేం తక్కువ లేదు."

"బస్తాల లోపట ఉన్నదో?"

"అది నోరున్నోళ్లెవరన్న లేచి చెప్తె గద ఆయన ఇప్పి చూసేది! అందుకే వచ్చిన. ఆ నోరెవరిదో చెప్పు. ఆఫీసర్ రాకముందు నేను ఆ నోటితోని జర మాట్లాడుకోవాలె."

"మాట్లాడుకుంటవా, ముయ్యిస్తవా?"

"ఆ ఫికర్ నీకెందుకు? పేరు చెప్పు."

"చెప్ప. మాటిచ్చిన."

"ఎవరికిచ్చినవ్?"

"స్వామికిచ్చిన."

"ఏ స్వామికి?"

"మట్టపల్లి నరసింహస్వామికి."

"గదే బావా, నీ మీద నాకు గౌరవం. శనివారం ఒక్కపొద్దుంటవ్. స్వామి పటం ముందర అబద్ధమాడవ్. ఊర్ల ఎవరిని అడిగినా గిదే చెప్తరు. నీ పేపరును నమ్మకపోయినా నీ ఒక్కపొద్దును నమ్ముత. ఇగో, అందుకే కర్పూరం తెచ్చిన."

"కర్పూరమెందుకు?"

"నువ్వు పేరు చెప్పకు. నీ మాట నీ దగ్గర్నే ఉండనియ్యి. నేనే పేరు చెప్త. ఆ మనిషి కాకపోతె, కాదని హారతి మీద చెయ్యి పెట్టు. గంతే. కానోళ్లను కాదంటె ఏ మాట తప్పినట్టు?"

"ఇదేం పద్ధతి బావా?"

"ఊరి పద్ధతే. కోడి పోయినా గొడ్డు పోయినా గిట్లనే గద మనం తేల్చుకునేది. చెల్లె, స్వామి పటం ముందర పీటెయ్యమ్మా. ఆ... మంచిది. ఇగో, అంటిచ్చిన. మొదటి పేరు ఉప్పలమ్మ. ఆమెనా?"

"ఆమె సంగతి తియ్యకు."

"చెయ్యి పెట్టకపోతె ఆమెనే అనుకుంట. పొద్దుగూకేసరికి గుడిసె కప్పు పీకిస్త. నీ ఇష్టం."

"చెప్పయ్యా! చూస్తవేంది? మొగడు లేని మనిషి, పిల్లగాళ్లను పట్టుకోని ఏడికి పోతది? కాదని చెప్పు. కాదు గద?"

"ఆగు అమృతా... సరె. ఉప్పలమ్మ కాదు. స్వామి తోడు."

"నమ్మిన. చూసినవా, ఎంత సులువో! రేపు ఎప్పటిలెక్కనే బడికి వస్తది. గుడిసె జోలికి పోను. నా మాట గూడ మాటనే. ఇగ ఇంకోటి. లింగయ్య సారు?"

"బావా! ఒక్కటన్నవ్."

"ఒక్కటని నేనెప్పుడన్న? ‘మొదటి పేరు’ అన్న. పేపరోనివి, మాటలు సక్కగ ఇనవా? బస్తాలు బడికి పోంగ దించుకునేది లింగయ్య సారే. పట్నం పేపరు తెప్పిచ్చుకోని సదివేది ఆయనే. నాకైతె ఆయన మీదనే ఉన్నది. సమితి ప్రెసిడెంట్‌తోని ఒక్క మాట చెప్పిన్ననుకో, ఏడ్నో అడివిల బడికి బదిలీ అయితడు."

"ఆయన భార్య బాలెంత బావా. పచ్చి ఒళ్లు."

"అందుకే అడుగుతున్న. కాకపోతె కాదను. నేను పోనిస్త."

"ఏందయ్యా, జర ఆలోచన చెయ్యి. అన్నా, గాలొస్తాంది, కర్పూరం ఆరిపోతాంది. ఇయ్యాల్టికి సాలియ్యి."

"జేబుల ఇంకున్నది చెల్లె. పొట్లం మొత్తం తెచ్చిన. చెప్పు బావా, లింగయ్య సారు?"

"కాదు."

"చెయ్యి పెట్టి."

"లింగయ్య సారు కాదు. స్వామి తోడు. ఇగ ఆపు."

"ఆపుత, ఆపుత. మరి బీరప్ప?"

"మీ కోవ బట్టీ బీరప్పనా అన్నా?"

"ఆఁ, వాడే. కోవ పెట్టేటోనికి తెల్వకుంట ఇంకెవరికి తెలుస్తది?"

"అయితె కోవ ఉన్నదని ఒప్పుకున్నట్టే గద అన్నా. నీళ్లు తాగు, గొంతెండుకపోయిందంటివి."

"చెల్లె, నీ నోరు నీ మొగని కలం కంటె వాడి ఉన్నది. నేను ఇంట్ల అన్న ముచ్చట ఇంట్లనే ఉంటది. బావా, చెప్పు. బీరప్పకు నా మీద కోపమున్నది. మొన్న అంగట్ల నలుగురు చూస్తుంటె నన్ను అడ్డమైన మాటలన్నడు."

"ఇగ నేను చెయ్యి పెట్ట."

"అంటె బీరప్పనే. మంచిది. మా బామ్మర్దులు నలుగురున్నరు, రాత్రికి వాని బట్టీ కాడికి పోతరు."

"బావా, వాడు కాదు!"

"నోటితోని అంటె నేను నమ్మ. నువ్వు నోటితోని ‘వర్గాలు’ అన్నోనివి."

"కాదు. స్వామి తోడు. బీరప్ప కాదు. సాలునా? అమృతా, ఆ కర్పూరం ఆర్పెయ్యి. ఎవరో ఒకరిని చూపెట్టుడు, వాళ్లకు ఏదో ఒకటి చేస్త అనుడు, నన్ను కాదనిపిచ్చుడు. ఇగ ఎవరి పేరు చెప్పినా చెయ్యి పెట్ట."

"ఆర్పకు చెల్లె. ఉండనియ్యి. ఉప్పలమ్మ కాదు. సారు కాదు. బీరప్ప కాదు. బావా, ఆ పాలపొడి అర్ర తాళంచెవి నా మొలతాడుకుంటది. అటుదిక్కు ఊరోళ్లు రారు. ఇగ ఎవరు మిగిలిన్రు?"

"నాకు తెల్వది."

"నీకే తెలుసు. స్వామికి మాటిచ్చిన అంటివి. ఏడ ఇచ్చినవ్? మట్టపల్లిల. ఎప్పుడు? మొన్న కార్తీకస్నానాలకు పోయినప్పుడు. మా బండి, మీ బండి ఎనకా ముందు పోయినయ్. ఆడ కృష్ణల మునిగి, గుడికి పోయినప్పుడు నేను పంతులుతోని మాట్లాడుకుంట నిలబడ్డ. నీ ఎంట ఎవరున్నరు బావా?"

"అందరున్నరు. శానమంది జనం."

"జనం గాదు. జనానికి నా అర్ర సంగతి తెల్వది. మా ఇంట్ల మనిషి... ఆమెనా?"

"బావా, ఇంటికి పో."

"లగ్గమైన కాన్నుంచి ఆమె పేరు నేను పలుకలే. ఇయ్యాల గూడ పలుక. ఆమె కాదని చెయ్యి పెట్టు. ఒక్కమాట. కాదను, నేను లేచిపోత."

"పెట్ట."

"ముగ్గురికి పెట్టినవ్."

"పెట్టుడే తప్పాయె. మొదటిదానికే పెట్టకపోయేది ఉండె."

"అయితె గంతే. ఇగ నేను నిన్నేం అడుగ. ఇంటికి పోత. గొళ్లెం పెట్టి ఆమెనే అడుగుత. నా ఇంట్ల అన్నం తినుకుంట నన్ను పేపర్ల ఏపిస్తదా? రేపు ఆఫీసర్ వచ్చేసరికి ఆమె ఊర్ల ఉండది. బండి కట్టి వాళ్ల అవ్వగారింటికి తోలుత, మళ్ల గడప తొక్కనియ్య."

"కూసో అన్నా."

"జరుగు చెల్లె. దారియ్యి."

"కూసో. హారతి ఇంక మండుతనే ఉన్నది. చెయ్యి పెట్టాల్సింది ఆయన గాదు. నేను."

"అమృతా! ఏం చేస్తున్నవ్?"

"నువ్వు జరుగయ్యా. ఇగో అన్నా, చూడు. పాలపొడి సంగతి మొట్టమొదలు బయటపెట్టింది నేనే. నేను నోరు తెరువకపోతె ఆ పేపర్ల ఆ ముక్క లేకుండె. మట్టపల్లి స్వామి తోడు. అబద్ధమైతె నా రెండు కండ్లు పోవాలె."

"చెల్లె... నువ్వా?"

"నేనే."

"చెయ్యి తియ్యమ్మా, కాలుతాంది. తియ్యి! నువ్వా? మరి మా ఇంట్ల మనిషి పేరు తీస్తె నీ మొగడు చెయ్యి ఎందుకు పెట్టలే?"

"ఆడోళ్ల మీదికి తెస్తివి గద అన్నా. ఆమె కాదంటె, ‘అయితె నీ పెండ్లామా’ అని నా పేరే అడుగుతవ్. అప్పుడేమనాలె ఆయన? అందుకే ఆపిండు."

"ఊఁ... నిజమే. అడుగుదునే. నీకెట్ల ఎరిక మరి? నీకెవరు చెప్పిన్రు?"

"మీ కోవ తిన్నోళ్లందరికి ఎరికే అన్నా. అంగట్ల కొన్న కోవ నాలుక మీద పెట్టంగనే బడిపిల్లల గిలాస వాసనొస్తది. ఆడోళ్లకు వాసనలు తెల్వయా?"

"వాసన! వార్నీ! వాసన పట్టుకోని రాసినవా బావా? నేనేమో నా ఇంట్లనే దొంగను పెట్టుకున్ననని పాణం మీదికి తెచ్చుకుంటి. నీ విశ్వసనీయ వర్గం పొయ్యి కాడ కూసోని కట్టెలు ఎగేస్తాందా? ‘పేరు వెల్లడించుటకు నిరాకరించిరి’ అట! అవును మరి, ఇంటామె మొగని పేరు వెల్లడించదు గద! హహ్హ!"

"బావా, వార్త నిజం."

"ఉండనియ్యి. నిజమో అబద్ధమో నీ పెండ్లాం ముక్కుకే ఎరిక. రేపు ఆఫీసర్ వస్తడు, ‘చూసినోళ్లెవరు’ అంటడు. నీ వర్గం లేచి ‘నాకు వాసనొచ్చింది సారూ’ అంటదా? ఆయన గూడ నవ్వి, చాయ్ తాగి, బస్తాలు లెక్క రాసుకోని బస్సెక్కుతడు. ఈ ముచ్చట ఇప్పుడే పొయ్యి హోటల్ల చెప్త. ఇగ నీ పేపర్ల పొద్దు పొడిసిందని రాసినా ఈ ఊరోడు బయటికొచ్చి చూసుకుంటడు తప్ప నమ్మడు."

"ఉప్పలమ్మ సంగతి, అన్నా?"

"మాటిచ్చిన గద చెల్లె. రానియ్యి ఉప్పలమ్మను. లింగయ్య సారు ఈడ్నే ఉంటడు, బీరప్ప గూడ ఉంటడు. నీ మీద నాకేం కోపం లేదు. చెల్లె అనుకున్నంక ఏం చేస్త? జర ఆ చేతికి వెన్న రాసుకో. కోవ గూడ పంపిస్త, మంచిగ వాసన చూడు. పోతున్న బావా. పటం ముందర కర్పూరం వాసన గూడ వస్తాంది, అది గూడ రాసుకో!"

"పోయిండు."

"ఆఁ. ఇగ ఏస్కో తలుపు."

"ఏం పని చేసినవే?"

"నీళ్లు అందుకో. చెయ్యి మండుతాంది."

"చూపెట్టు. అయ్యో, బొబ్బ లేస్తాంది. వెన్న ఏడున్నది?"

"ఉట్టి మీద. నువ్వు ఒలకబోస్తవ్, నేను తీసుకుంట."

"కూసో, నేనే తెస్త. బొబ్బ మానుతది అమృతా. మాననిది ఇంకోటున్నది. ఒక ఆడమనిషిని కాపాడినవ్, మంచిదే. నేను చెయ్యలేని పని నువ్వు చేసినవ్. కాని స్వామి పటం ముందర అబద్ధపు ప్రమాణం! కండ్లు పోవాలె అంటివి. ఎట్ల నోరొచ్చింది నీకు?"

"నాకేం కావు కండ్లు."

"అట్లనకు. రేపే మట్టపల్లికి పోదాం. తప్పు చెల్లిచ్చుకుందాం."

"రేపు ఆఫీసర్ వస్తడు గద. ఎల్లుండి పోదాం."

"ఆఫీసర్ వస్తె ఏమున్నది ఇగ? జంగయ్య అన్నది నిజమే. చూసినోళ్లెవరని అడుగుతడు. చూసిన మనిషి రాదు, నేను రమ్మని పిలువ. పిలిస్తె ఆమె బతుకు పోతది. పిల్లలు ఆ నీళ్ల పాలే తాగుతరు. నేను పెండ్లాం వాసన చూస్తె వార్త రాసేటోన్నయిత. ఇన్నేండ్ల సంది ఒక్క అబద్ధం రాయలే నేను."

"చూసిన మనిషి రేపు ఆఫీసర్ ముందరికి వచ్చి, పేరు పెట్టి చెప్తె?"

"ఆమె ఎట్ల వస్తది? ఆమె మొగని మీద ఆమె చెప్తదా?"

"కౌసల్య వదిన చూసిందని నీకెవరు చెప్పిన్రు?"

"నేను ఆ పేరు నీకు చెప్పలే!"

"చెప్పలే. నీ మాట తప్పలే. పేరు నేనంటున్న. ఆమె చూసిందని ఎవరన్నరు?"

"తలూపింది. గుడిల, తడి చీరతోని, స్వామికెదురుంగ నిలబడి. నువ్వు చూసినవా అంటె కండ్లల్ల నీళ్లు పెట్టుకోని తలూపింది."

"అవును. తలూపింది. నోటితోని అనలే. ఆమె ఆ అర్ర గడప ఎన్నడు తొక్కలేదయ్యా. తాళంచెవి మొలతాడుకుంటదని ఇప్పుడే గద ఆయన అన్నడు, నీ చెవుల పడలేదా?"

"మరి తలెందుకూపింది?"

"ఊపమని నేనే చెప్పిన. నువ్వు చూసినవా అని అడుగుతడు వదినా, ఒకరు చెప్పిన్రంటె ఎవరని అడుగుతడు, నా పేరు తీస్తె కలం మూసి జేబుల పెడ్తడు అన్న. స్వామి ముందర ఎట్లనే అని భయపడ్డది. నీళ్లు పెట్టుకున్నది అందుకే. శుక్కురారం శుక్కురారం ఆ కోవనే స్వామికి నైవేద్యం పెట్టిందట పాపం. నా నోట ఇన్ననాటి సంది ఆమె గొంతుల ముద్ద దిగలే."

"నీ నోట... అంటె నీకెవరు చెప్పిన్రు? వాసనేనా?"

"వాసనేంది? నేను చూసిన. ఒడిబియ్యంకు తెచ్చుకున్న గంగాళం వదినకు తిరిగియ్యనీకి తెల్లారంగనే దొడ్డిదిక్కుకెళ్లి పోతె, అర్ర తలుపు తెరిసే ఉన్నది. బీరప్ప బస్తా కోసి పెద్ద గిన్నెల గుమ్మరిస్తాండు. పక్కకు జంగయ్యన్న నిలబడ్డడు. పొడి లేసి ఇద్దరి మీసాలు తెల్లగైనయ్. గంగాళం ఆడ్నే పెట్టి సప్పుడు చెయ్యకుంట వచ్చిన. రేపు ఆఫీసర్ వస్తె గీ ముచ్చటే చెప్త. అమృతమ్మ అని నా పేరు రాసుకోమంట."

"నువ్వు చూసినవా? నీ కండ్లతోని? మరి చూసిననాడే నాకు చెప్తె అయిపోతుండె గదనే! వదిన దాక, గుడి దాక ఎందుకు పోవాలె? నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. బతుకమ్మ పండుగ ముందు, గీ అర్రలనే. నువ్వు గీ కుర్చీల కూసోని పేపరుకు రాసుకుంటున్నవ్. మొదటి సంది ఆఖరి దాన్క అంత చెప్పిన. నువ్వు తల లేపకుంట ‘ఊ’ అన్నవు."